కిటికీ వెలుగులో వెంట్రుక

ఎవరైనా ఎదుట కూర్చోగానే, అడగకుండానే, వాళ్ల తలలోంచి ఒక వెంట్రుక పీకుతాడు. కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లిస్తాడు. పదిహేనేళ్లుగా ఇదే. ఆ తర్వాత తీర్పు.

"మీది చలిదేశం జుట్టు. మందం, నిటారు. మంచి రక్తం."

లేదా, "చుట్టల జుట్టు. ఓడల్లో కూలికి వచ్చినవాళ్లది. మీ జాతికి నాటినా పట్టదు. ఇంటికెళ్లండి."

జుట్టు నాటే ఆస్పత్రిలో, ముందుగదిలో కూర్చుని, వచ్చినవాళ్లను లోపలికి పంపడం అతని పని. డాక్టరు కాదు. నర్సు కూడా కాదు. అక్కడ అందరూ అతన్ని జాతకాలాయన అంటారు. అది పొగడ్త అనుకుంటాడు.

చుట్టల జుట్టు పట్టదన్నది అబద్ధం. ఆ వెంట్రుక పైన ఎలా మెలి తిరుగుతుందో, చర్మం లోపల వేరూ అలాగే వంగి ఉంటుంది. నాటడానికి మెడ మీంచి వేరుతో తీసేటప్పుడు సూది తిన్నగా గుచ్చితే తెగిపోతుంది. వంపు చూసుకుని తీయాలి. డాక్టరమ్మకు ఆ పని వచ్చు. ఆమె దాకా జాతకాలాయన పోనిస్తే కదా.

ఇక అతని తల. నడినెత్తి నున్నగా ఉంటుంది. దాని మీద నిటారు జుట్టు విగ్గు. చెవుల పైనా మెడ మీదా మిగిలిన సొంత జుట్టు, చుట్టలు చుట్టలు. అతని తల్లి రేవులో బస్తాలు మోసింది. ఓడల్లో వచ్చినవాళ్ల మనవరాలు. ఆమె ఫొటో అతని ఇంట్లో ఏ గోడ మీదా లేదు.

నెలకోసారి అక్క దగ్గరికి వెళ్తాడు. అక్క బట్టలు కుడుతుంది. మిషను పక్కకు జరిపి, చేతులకు తొడుగులు వేసుకుని, అతని మెడ మీది జుట్టుకు నిటారు చేసే క్రీము పూస్తుంది. గదంతా కంపు.

"ఏరా, చలిదేశం దొరా, మండుతోందా?"

"మెల్లగా అక్కా. పక్కింటివాళ్లు వింటారు."

"విననీ. నీ తలా నా తలా ఒకే అమ్మ దువ్వింది. ఇది పూసీ పూసీ ఉన్న నాలుగూ ఊడగొట్టుకుంటున్నావు."

ఆమె జుట్టు తల చుట్టూ మబ్బులా ఉంటుంది. దువ్వెన పెడితే విరుగుతుంది, దువ్వెనే.

ఈమధ్య ఆస్పత్రి యజమాని పిలిచి చెప్పాడు. "ముందుగదిలో విగ్గు మనిషేంటయ్యా? వచ్చినవాళ్లు నవ్వుకుంటున్నారు. మన దగ్గరే నాటించుకో. లేదంటే సామాన్ల గదికి పో. అక్కడ నిన్ను చూసేవాళ్లుండరు."

ఆ కుర్చీ పోతే అతనికి మిగిలేదేమీ లేదు. తీర్పు చెప్పడం తప్ప ఏ పనీ రాదు.

"చుట్టల జుట్టని డాక్టరమ్మకు ముందే చెప్పరా," అంది అక్క. "తెలియక తిన్నగా గుచ్చేస్తుంది."

"చెప్తాలే."

చెప్పలేదు. నాటించుకునే ముందు రోజు రెండుసార్లు క్రీము పూయించుకున్నాడు. ఆస్పత్రి కాగితంలో జుట్టు రకం అన్నచోట 'నిటారు' అని తన చేత్తోనే రాశాడు. పదిహేనేళ్లుగా వెంట్రుకలు చూస్తున్న మనిషి కదా అని డాక్టరమ్మ నమ్మింది.

బల్ల మీద బోర్లా పడుకోబెట్టారు. కాసేపటికి ఆమె చెయ్యి ఆగింది. పళ్లెం మీదికి భూతద్దం జరిపింది.

"పన్నెండు తీశాను. పన్నెండూ తెగాయి. వేర్లు కొక్కేల్లా ఉన్నాయి. మీది చుట్టల జుట్టు కదండీ?"

"ఎండకు అలా అయ్యుంటాయి మేడమ్," అన్నాడు, బల్ల కింది నేలను చూస్తూ.

"చర్మం లోపలికి ఎండా?"

నర్సు గోడ వైపు తిరిగింది. భుజాలు కదిలాయి.

"పర్లేదు, వేరే సూదితో తీస్తాను," అంది డాక్టరమ్మ. "ఈ జుట్టు మెలి తిరుగుతుంది కాబట్టి నాలుగు నాటితే పది నాటినట్టు కప్పుతుంది. మీకే లాభం. కాగితంలో నిటారు కొట్టేసి, చుట్టలు అని రాసి సంతకం పెట్టండి. తప్పుడు కాగితం మీద నేను చెయ్యి వేయను."

నర్సు కలం అందించింది.

అతను లేచి కూర్చున్నాడు. కలం తీసుకోలేదు. విగ్గు అడిగాడు.

"మా వంశంలో చుట్టలు లేవు," అని, మెడ మీద పన్నెండు నెత్తుటి చుక్కలతో, తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.

మరుసటి రోజు ఉదయం సామాన్ల గదికి వచ్చాడు. ఆ గదికి కిటికీ లేదు. దూది పెట్టెల మధ్య స్టూలు వేసుకున్నాడు. వ్యాను డ్రైవరు వంగి పెట్టె దింపుతుంటే, వాడి తలలోంచి ఒక వెంట్రుక పీకి బల్బు వైపు ఎత్తి పట్టుకున్నాడు.

"అబ్బా! ఏంటండీ ఇది?"

"చుట్టల జుట్టు. మీ జాతికి పట్టదు."

డ్రైవరు నెత్తి రుద్దుకుంటూ అతని విగ్గు వైపు చూశాడు. "మీకు బాగా పట్టినట్టుంది," అని రసీదు ముందు పెట్టాడు.

జాతకాలాయన సంతకం పెట్టాడు. దూది ముట్టినట్టు.