రైలు కూత వేళకు రాసిన జాతకం

మా పెదనాయన పోయాడని మొన్న మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. నేను దోర్నాల ఆసుపత్రిలో నర్సుని. అప్పుడే ఒక కాన్పు అయింది. గోడ గడియారం చూసి టైం రాసుకొని, వరండాలో నిలబడ్డ తండ్రిని లోపలికి పిలిచి, బిడ్డను అతని చేతుల్లో పెట్టాను. అంతలో మార్కాపురం నుంచి పెదనాయన కొడుకు ఫోన్ చేశాడు. నాయన పోయినాడక్కా అని మాత్రం అనగలిగాడు.

మార్కాపురంలో ఆయన్ని చాలామంది ఎరుగుదురు. పలకల కార్ఖానాలో పలకలకు చెక్క చట్రాలు బిగించడం ఆయన పని. సాయంత్రం ఇంటికొచ్చి, స్నానం చేసి అరుగు మీద కూర్చున్నాక జాతకాలు చూసేవాడు. అది మా ఇంటి విద్యేమీ కాదు, మాది సేద్యం చేసుకునే కుటుంబం. చిన్నప్పుడెప్పుడో ఒక చిరిగిన పంచాంగం చేతికి దొరికితే, అందులో ఏముందో తెలుసుకోవాలన్న పిచ్చి పట్టి, వాళ్లనూ వీళ్లనూ అడిగి నేర్చుకున్నాడు.

ఆయన దగ్గర చట్రం లేని పెద్ద పలక ఒకటి ఉండేది. దానిమీద బలపంతో పన్నెండు గళ్లు గీసి, గ్రహాలను ఒక్కొక్కటే కూర్చోబెట్టేవాడు. గీసే ముందు కాసేపు కళ్లు మూసుకునేవాడు. వచ్చిన మనిషి పుట్టిన వేళ ఆకాశం ఎలా ఉందో చూసుకుంటున్నాడని పిల్లలం మా అందరి నమ్మకం. మేమూ కళ్లు మూసుకునేవాళ్లం. నల్లమల వైపు నుంచి గాలి వచ్చేది. ఆయన గొంతు వింటూ వింటూ సగం నిద్రలోకి జారుకుంటే, ఆ నల్లటి పలకే ఆకాశమనీ, మేం దాని అంచున కాళ్లు వేలాడేసి కూర్చున్నామనీ అనిపించేది. పట్టపగలు పుట్టినవాళ్లకు చుక్కలెక్కడివని ఒకసారి అడిగాను. "పగలైతే మాత్రం చుక్కలు యాడికి పోతాయి పాపా? అవి ఉండే చోటనే ఉంటాయి. మనకే కనపడవు" అన్నాడు.

గ్రహాల గురించి ఇంట్లో మనుషుల గురించి మాట్లాడినట్టే మాట్లాడేవాడు. గురువు చూపు పడిన గడి కనబడితే ఆయన ముఖం విప్పారేది. బుధుడు ఎవరి పక్కన కూర్చుంటే వాళ్ల పాటే పాడతాడని నవ్వేవాడు. శని అంటే మాత్రం ఆయనకు గౌరవం. ఏలినాటి శని పట్టిందని ఏడుస్తూ వచ్చినవాళ్లకు, "శని చెడ్డోడు కాదమ్మా, నిదానస్తుడు. ఒక్కో ఇంట్లో రెండున్నరేండ్లు కూర్చుంటాడు. అన్నాళ్లు కూర్చున్నోడు ఏదో ఒకటి నేర్పియ్యకుండా పోడు" అని చెప్పి పంపేవాడు. చెప్పడం అయ్యాక తడిగుడ్డ వాళ్ల చేతికే ఇచ్చి పలక తుడవమనేవాడు. కాగితం మీద మాత్రం ఎవరికీ రాసిచ్చేవాడు కాదు. ఎందుకని అడిగితే మాట మార్చేవాడు. ఆ కారణం నేనేనని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

నేను పుట్టింది గిద్దలూరు దగ్గర, రైలు కట్ట పక్కనున్న మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో. ఆ ఇంట్లో గడియారం లేదు. పగటి ప్యాసింజర్ కూత వేసినప్పుడు బిడ్డ పుట్టిందని అమ్మమ్మ కబురు పంపింది. పెదనాయన స్టేషనుకు వెళ్లి, ఆ రైలు అక్కడికి ఎన్నింటికి చేరాలో కనుక్కొని, ఆ టైం పెట్టి నా జాతకం కాగితం మీద రాశాడు. అశ్విని నక్షత్రం, ఒకటో పాదం, తండ్రికి దోషం. మళ్లీ అదే నక్షత్రం వచ్చేదాకా, అంటే ఇరవై ఏడు రోజులు, నాయన నా ముఖం చూడకూడదు. ఆ రోజున శాంతి చేయించి, గిన్నెలో నూనె పోసి, ముందు ఆ నూనెలో నా ముఖం చూసి, తర్వాతే నన్ను చూడాలి. అలాగే చేశారు.

నాకు ఆరేళ్లప్పుడు నాయన కామెర్లతో పోయాడు. ఇంటి నిండా జనం. నన్ను ఒళ్లో పెట్టుకొని తల నిమురుతున్న ఒక బంధువు, నాది ఏ నక్షత్రమో పక్కావిడ చెప్పగానే చెయ్యి తీసేసింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ నాయన నావల్లే పోయాడని నేను నమ్మాను. బడికి పోతూ, అన్నం తింటూ, తోటి పిల్లలతో ఆడుకుంటూ కూడా నమ్ముతూనే ఉన్నాను.

పన్నెండేళ్లప్పుడు ఒక సాయంత్రం అరుగు మీద ఎవరూ లేకుండా చూసి పెదనాయనను అడిగేశాను. "నాయన నావల్లనే పోయినాడా పెదనాయనా?"

ఆయన లేచి లోపలికి వెళ్లిపోయాడు. మరునాటి నుంచి ఆ రైలు వెంట పడ్డాడు.

ఆయన లెక్క ఇది. ఆ రోజు రైలు టైముకు వచ్చి ఉంటే నాది ఒకటో పాదమే, అదీ చివర్లో. ఒక గంట ఆలస్యంగా వచ్చి ఉంటే రెండో పాదం, దానికి ఏ దోషమూ లేదు. మా ప్యాసింజర్ టైముకు వచ్చే రోజులు తక్కువని ఊరందరికీ తెలుసు. జాతకం రాసేటప్పుడు ఆ సంగతి తనకు తట్టలేదు. స్టేషన్లలో అడిగితే అన్నేళ్ల నాటి పుస్తకాలు లేవన్నారు. కంభంలో పని మానేసిన గ్యాంగ్‌మన్ ఇంటికి వెళ్లాడు. బేస్తవారిపేటలో గొర్రెల వ్యాపారి ఒకాయన ఆ బండిలోనే తిరిగేవాడని విని అక్కడికీ వెళ్లాడు. పెళ్లిళ్లలో వయసు మళ్లినవాళ్లు కనబడితే చాలు, పక్కన కూర్చొని ఆ ఏడు, ఆ నెల, ఆ రోజు రైలెక్కారా అని మొదలుపెట్టేవాడు. జనం నవ్వుకునేవాళ్లు. రెండో పాదమని రాసి పారెయ్యరాదా బావా అని చివరికి మా అమ్మే అంది. "చూడంది ఒకసారి రాసినాను. చాలమ్మా" అన్నాడు. నేను నర్సుగా చేరాక ఎప్పుడు ఫోన్ చేసినా, క్షేమం అడగకముందే, మీ ఆసుపత్రి గడియారం సరిగా నడుస్తోందా అని అడిగేవాడు.

పోయినేడు ఆయన చూపు పోయిందని తెలిసి వెళ్లాను. మంచం పక్కన కూర్చుంటే తడుముకొని నా చెయ్యి పట్టుకున్నాడు.

"రైలు సంగతి తేలలేదు పాపా. ఇంక తేలదు. గ్రహం మీ నాయనను ఏం చేసిందో నాకు తెల్దు. నేనేం చేసినానో తెలుసు. ఇరవై ఏడు దినాలు వాని బిడ్డను వానికి చూపియ్యలేదు. నీతో ఆరేండ్లే ఉన్నోనికి అవి శానా దినాలు."

నాకు కోపం వచ్చింది. ఈ మాట పన్నెండేళ్లప్పుడే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో కదా అనుకున్నాను. ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. ఆ నిందను నా మీద నుంచి తీసి తన మీద వేసుకున్న మనిషి అప్పటిదాకా నాకు ఎవరూ లేరు. ఆయన నా చెయ్యి వదల్లేదు. నేను ఏడ్చినంతసేపూ ఆగి, తర్వాత ఇంకో సంగతి చెప్పాడు. నాయన ముఖం కూడా సరిగ్గా గుర్తులేని నాకు, ఇంత జీవితంలో అంతకన్నా విలువైనది ఎవరూ ఇవ్వలేదు.

ఆ ఇరవై ఏడు రోజుల్లో నాయన ఉండబట్టలేక ఒకసారి అమ్మమ్మ ఊరికి వచ్చాడట. తొంగి చూస్తాడేమోనని కాపలాగా పెదనాయన కూడా వెంట వచ్చాడు. మిట్టమధ్యాహ్నం. లోపల నేను ఏడుస్తున్నాను. నాయన ఇంటి వెనక్కి వెళ్లి, గోడకు వీపు ఆనించి నేలమీద కూర్చున్నాడు. కాసేపటికి నా ఏడుపు ఆగింది. ఇంక పోదాం లెమ్మని పెదనాయన భుజం తట్టాడు. నాయన చెయ్యెత్తి ఆపి, గొంతు బాగా తగ్గించి అన్నాడట.

"ఉండన్నా, ఇప్పుడే నిద్రపోయినాది. నేను లేస్తే సప్పుడైతాది."

అవతల నేను, ఇవతల ఆయన. ఎండ ఆ గోడ మీంచి దిగిపోయేదాకా నాయన కదలకుండా అలాగే కూర్చున్నాడట.