మొదటి తూము, చివరి చేను

ఈ ఉదయం మా విభాగం మెట్లెక్కుతుంటే ఉడికించిన మైదా జిగురు వాసన వచ్చింది. నడవాలో పరిశోధక విద్యార్థులు కూర్చుని అట్టల మీద కాగితం అతికిస్తున్నారు. జంగారెడ్డిగూడెం వైపు పామాయిల్ రైతులతో బోరు నీళ్ల సంగతి మాట్లాడించడానికి వాళ్లొక ఆట తయారుచేస్తున్నారు. జిగురు కొంచెం మాడింది. ఆ మాడు వాసనకే సుగుణకుమారి గారు గుర్తొచ్చారు. ఆవిడ కబుర్లలో పడితే పొయ్యి మీద గిన్నె ఉందన్న సంగతే మరిచిపోయేవారు.

ఆవిడ వ్యవసాయ అర్థశాస్త్రం ప్రొఫెసర్. రోజూ ఏలూరు నుంచి ప్యాసింజర్ బండిలో తాడేపల్లిగూడెం వచ్చేవారు. ప్రశ్నలు పట్టుకుని ఊళ్లకు వెళ్లడం, జవాబులు రాసుకురావడం, ఇదే పరిశోధన అనుకునేవాళ్లం మేమంతా. బల్ల మీద ఆటతో పాఠం చెప్పవచ్చనీ, ఊరివాళ్లను కూర్చోబెట్టి వాళ్ల సమస్యను వాళ్ల చేతే ఆడించవచ్చనీ మా అందరికీ చూపించింది ఆవిడే. మొదట్లో స్టాఫ్ రూములో నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు మూశాక ఆవిడ వామనగుంటల పీట తీసేవారు. ఎదురుగా మా విభాగాధిపతి కూర్చున్నా సరే, గుంటలు ఊడ్చేసేవారు. ఒకసారి ఆయన, "కాస్త చూసీచూడనట్టు పోవచ్చుగా మేడమ్" అన్నారు.

"ఆటలో జాలి పడ్డానంటే మిమ్మల్ని చిన్నచూపు చూసినట్టేనండీ" అన్నారావిడ, గవ్వలు ఒళ్లో పోసుకుంటూ.

నేను లెక్చరర్‌గా ఆవిడ దగ్గర చేరిన రెండో ఏడు, గణపవరం దాటి కొల్లేటి వైపున్న ఒక ఊరి కోసం ఇద్దరం కలిసి ఒక ఆట తయారుచేశాం. అట్ట మీద కాలువ, దాని నుంచి పాయగా వచ్చే పంట బోదె, బోదె మొదట్లో చేపల చెరువులు, ఆ తర్వాత వరిచేలు. చింతపిక్కలు నీళ్లు. ప్రతి ఆటలోనూ మొదటి తూము దగ్గర కూర్చున్నవాళ్లు తమకు కావలసినన్ని పిక్కలు తీసుకుని మిగిలినవి కిందికి జరపాలి. చివరి చేనుకు చాలినన్ని చేరకపోతే అక్కడ పచ్చ కాగితం తీసి ఎండు కాగితం పెడతాం. అంతే ఆట. దాళ్వాకు, అంటే రెండో పంటకు, ముందు ఆ ఊరి నీటి సంఘం కూర్చోబోతోంది. బోదె మీద వంతులు పెట్టాలా అక్కర్లేదా అన్నది అక్కడ తేల్చుకుంటారు. ఆట ఆడించి చూసి మేం ఏం చెబుతామో వినాలని వాళ్లే అడిగారు.

మొదటిసారి నేనొక్కడినే వెళ్లాను. బడి వరండాలో బల్ల వేయించాను. ఆ బోదె మీద అందరికంటే పెద్ద చెరువులున్న సత్తిబాబు గారు మొదటి తూము దగ్గర కూర్చున్నారు. శివారున, అంటే బోదె చివర, కౌలుకు వరి చేసే మరియమ్మ గారు చివరి చేను దగ్గర కూర్చున్నారు. ఊళ్లో ఎలా ఉన్నారో అలాగే కూర్చున్నారన్నమాట. సత్తిబాబు గారు రెండు పిక్కలు తీసుకుని కుప్పంతా కిందికి తోసేశారు.

"తీసుకోమ్మా మరియమ్మా, మనలో మనకేంటి!"

"అబ్బే, మాకివి చాలండి. పైవాళ్లకి ఉంచండి" అని ఆవిడ సగం వెనక్కి జరిపారు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. టీలు వచ్చాయి. ఎన్ని ఆటలు వేసినా బల్లంతా పచ్చగానే ఉంది. నాకు పట్టలేనంత సంతోషం. పైనుంచి ఎవరూ నియమం పెట్టకపోయినా ఈ ఊరు నీటిని సమానంగా పంచుకుంటుందని వ్యాసం రాశాను, ఒక సదస్సు వాళ్లు దాన్ని తీసుకున్నారు. ప్రమోషనుకు అదే ఆధారం. నీటి సంఘానికి కూడా అదే మాట చెప్పబోతున్నాను.

ఒక్కటి మాత్రం రాయలేదు. బడికి వెళ్లేటప్పుడు శివారు గట్టు మీదుగానే వెళ్లాను. మరియమ్మ గారి చేను నెర్రెలు తీసి ఉంది. "నీళ్లు రావట్లేదాండీ?" అని అడిగితే, "పరవాలేదండి" అన్నారావిడ. ఆ ఒక్క మాట నాకు సరిపోయింది. అందులో అబద్ధం ఏముంది, ఆవిడే అన్నారుగా అనుకున్నాను. చూసినదాంట్లో నాకు పనికొచ్చేదే ఉంచుకున్నాను.

సుగుణకుమారి గారు నా వ్యాసం రైల్లో చదివారు. మర్నాడు నా గదికి వచ్చి, కూర్చోకుండానే అడిగారు.

"ఏవండీ, బల్ల మీద చివరి చేను పచ్చగా ఉందని రాశారు. ఆవిడ చేను చూశారా?"

"చూశానండి."

"ఎలా ఉంది?"

నేను బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాను.

"మీరు ఊరికి చుట్టంలా వెళ్లారు. చుట్టం ముందు ఎవరైనా కొట్టుకుంటారా? వాళ్లు మీకు మర్యాద చేశారండీ. మీరు దాన్ని కొలిచి తెచ్చారు."

"సదస్సు వాళ్లు వ్యాసం ఒప్పుకున్నారు మేడమ్" అన్నాను. గొంతు లేవకుండా జాగ్రత్తపడ్డాను కానీ, లోపల కోపంగానే ఉంది.

"వాళ్లు ఒప్పుకున్నారు. మీ మాట విని సంఘం వంతులు అక్కర్లేదనుకుంటే, దాళ్వాలో మరియమ్మ గారు కౌలు దేంతో కడతారు?"

ఆ వారమే మళ్లీ వెళ్లాం. బస్సులో ఆవిడ పక్కన కూర్చోలేదు నేను. వెనక సీట్లో కూర్చుని గణపవరం దాకా కిటికీలోంచి చెరువులు చూస్తూ ఉన్నాను. అలక అని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు.

ఆవిడ ఆట మార్చలేదు, కుర్చీలు మార్చారు. మరియమ్మ గారిని మొదటి తూము దగ్గర, సత్తిబాబు గారిని చివరి చేను దగ్గర కూర్చోబెట్టారు. ఇంకో షరతు కూడా పెట్టారు. బల్ల దగ్గర ఉన్నంతసేపు పేర్లు లేవు, గారు లేదు, అండీ లేదు. కుర్చీ పేరుతోనే పిలవాలి.

అండీ లేకుండా మాట్లాడటం మావైపు వాళ్లకు ఎంత కష్టమో ఆరోజు చూశాను. "ఏయ్ మొదటి తూమూ, పిక్కలు జరుపు... జరపండీ" అన్నారు సత్తిబాబు గారే. వరండా అంతా ఘొల్లుమంది. "తప్పు! ఒక పిక్క కోత" అని సుగుణకుమారి గారు ఆయన ముందున్న పిక్క ఒకటి లాగేశారు. ఆయనా నవ్వారు.

రెండో ఆటలో మరియమ్మ గారు కుప్ప మీద చేయి పెట్టి తీయలేదు. పిక్కలన్నీ తన వైపే లాక్కున్నారు.

"అదేంటి, నాకో?" అన్నారు సత్తిబాబు గారు.

"కిందికి వస్తాయిలే, చూసుకో" అన్నారు మరియమ్మ గారు.

ఎవరూ నవ్వలేదు. నీళ్లు అడగడానికి వెళ్లినప్పుడల్లా ఆయన ఆవిడతో అనే మాట అదేనని నాకు తర్వాత తెలిసింది. వరండాలో ఉన్నవాళ్లకు అప్పుడే తెలుసు. సుగుణకుమారి గారు ఏమీ ఎరగనట్టు చివరి చేనులో ఎండు కాగితం పెట్టారు. సత్తిబాబు గారు లేచి, కండువా దులిపి వేసుకుని, వరండా మెట్లు దిగిపోయారు.

నేను ఆయన వెనకాల పరిగెత్తబోయాను. ఏదో సర్దిచెప్పి, ఇది ఆటేనండీ అని బతిమాలి తీసుకురావాలని. సుగుణకుమారి గారు నా మోచేయి పట్టుకుని కూర్చోబెట్టారు.

"కదలకండి. మీరు వెళ్తే మీ కోసం వస్తారాయన. ఆవిడ కోసం రారు."

మరియమ్మ గారు పిక్కల మీద చేయి అలాగే ఉంచారు. ఊళ్లో పెద్దాయనను నలుగురిలో కాదన్న మనిషి ఆవిడ. రేపు ఆ గట్టు మీద నడవాల్సింది ఆవిడే, మేం కాదు. సుగుణకుమారి గారు కుర్చీ జరుపుకుని వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నారు.

సత్తిబాబు గారు పంపు దగ్గర మొహం కడుక్కుని తిరిగొచ్చారు. చివరి చేను కుర్చీలోనే కూర్చుని కాసేపు ఆ ఎండు కాగితం చూశారు.

"ఇంకో ఆట వెయ్యండి. ఈసారి వంతు పెట్టి ఆడదాం. నేను ఇక్కడే కూర్చుంటా" అన్నారు.

నీటి సంఘంలో ఆయనే వంతుల మాట ఎత్తారు. నీళ్లు తక్కువగా ఉన్న రోజుల్లో శివారు చేలు తడిశాకే చెరువులకు పెట్టాలని రాసుకున్నారు. అంతా సాఫీగా జరిగిందని చెప్పను. ఒకరిద్దరు వంతు తప్పారు, పంచాయితీలూ అయ్యాయి. అయినా ఆ దాళ్వాలో మరియమ్మ గారు కోత కోశారు.

నా వ్యాసం వెనక్కి తీసుకున్నాను. నా అంతట నేను తీసుకోలేదు, సుగుణకుమారి గారి ముందు తలెత్తుకోలేక తీసుకున్నాను. ప్రమోషను ఆలస్యమైంది. కొన్ని నెలలు ఆవిడతో పని ఉంటేనే మాట్లాడాను. ఆవిడ మాత్రం రోజూ మధ్యాహ్నం వామనగుంటల పీట నా ముందు పెట్టి, ఎప్పటిలాగే నా గుంటలన్నీ ఊడ్చేసేవారు. ఏ ఒక్కరోజూ గెలవనివ్వలేదు. నన్ను ఆవిడ వదులుకోలేదని నాకు తెలిసింది అలాగే. పోయినేడు ఏలూరులో ఆవిడ పోయారు. చర్చి ఆవరణలో నిలబడ్డప్పుడు, ఆవిడకు క్షమాపణ చెప్పనేలేదన్న సంగతి గుర్తొచ్చింది. అడిగితే బహుశా "పీట వెయ్యండి" అనేవారు.

ఇప్పుడు ఈ విభాగంలో ఆటలు నేను నేర్పుతున్నాను, బాగానే నేర్పుతున్నాను. ఆట పెట్టె విప్పేముందు చేయాల్సిన పని ఒకటుందని విద్యార్థులకు చెబుతాను. మొన్న ఉంగుటూరు మండలంలో ఒక ఊరికి వెళ్లాం. పెద్దలు ఎదురొచ్చి, కుర్చీలు వేసి, కొబ్బరి బోండాలు ఇచ్చారు. "మా ఊళ్లో నీళ్ల గొడవలేం లేవండి, అందరం కలిసే ఉంటాం" అన్నారు.

"చాలా సంతోషమండీ" అన్నాను, బోండాం తాగి లేచి నిలబడుతూ. "శివారు చేలు ఎటండీ?"