మూడో బేస్ నుంచి ఇంటికి: ఉదయగిరి జట్టుతో ఆత్మకూరు ప్రయాణం

బేస్‌బాల్ మ్యాచ్‌కి పోతున్నానని ఇంట్లో చెప్పి బయలుదేరాను. అది సగం నిజం. ఉదయగిరి డిగ్రీ కాలేజీ జట్టు ఆత్మకూరులో ఆడబోతోందనీ, స్కోరు రాసే మనిషి లేడనీ, ఒక్కరోజు వచ్చి పొమ్మనీ మా పాత పీడీ సార్ ఫోన్ చేశారు. నేను ఆ కాలేజీలోనే చదివాను, ఆఖరి ఏడాది ఆ జట్టుకు కెప్టెన్‌ని కూడా. ఇప్పుడు కావలిలో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లల చేత డ్రిల్లు చేయిస్తుంటాను. పదకొండేళ్ళుగా సార్ ఎన్నిసార్లు పిలిచినా ఏదో ఒక వంక పెట్టి తప్పించుకున్నాను. ఈసారి మాత్రం "వ్యాను ఎవరిది సార్?" అని అడిగాను. "రత్నానిదే. ఇంకెవురిది?" అన్నారు. వస్తానన్నాను. రత్నం ఆనాటి మా జట్టు క్యాచర్, బ్యాటు పట్టినవాడి వెనక కూర్చుని బంతులు పట్టేవాడు. అతనికి చెప్పవలసిన మాట ఒకటి పదకొండేళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది.

పోయిన నెల వరికుంటపాడు దగ్గర వాళ్ళ ఊళ్ళో రత్నం వాళ్ళ నాయన జ్ఞాపకార్థ కూటం జరిగింది. ప్రతి ఏడూ పిలుస్తాడు, ప్రతి ఏడూ పోతాను. పాటలూ ప్రార్థనా అయ్యాక రత్నం లేచి సాక్ష్యం చెప్పాడు. "నాయన నన్ను ఇంటికి రమ్మని మనిషిని పంపించినాడు. నేను సరిగ్గా వినిపించుకోలా. ఆటలో ఇంటికి పరిగెత్తినాను. తప్పు నాది." ప్రతి ఏడూ ఇవే మాటలు. వాళ్ళమ్మ ముందు వరసలో చాప మీద కూర్చుని తల దించుకుని వింటుంది. ఈసారి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం చూశాను. ఆ తప్పు రత్నానిది కాదు, నాది. ఎలాగైనా అతనికి చెప్పెయ్యాలని అక్కడే అనుకున్నాను.

ఈ దారిన పోదలచుకున్నవాళ్ళకు వివరాలు చెబుతాను. ఉదయగిరి నుంచి దుత్తలూరు మీదుగా ఆత్మకూరుకు దాదాపు రెండు గంటల ప్రయాణం. బస్సులో అయితే మనిషికి వంద రూపాయలు దగ్గర పెట్టుకుంటే చాలు. కాకపోతే నేరుగా పోయే బస్సు కోసం కాచుకోకుండా దుత్తలూరులో దిగి మారడం మేలు. జట్టుతో పోయేటప్పుడు వ్యానే సుఖం. బస్సులో బ్యాట్ల సంచి ఎక్కనివ్వరని కాదు, ఎక్కనిస్తారు, కానీ పక్క సీటాయన "ఏంది నాయనా ఇవి, గడ్డపారలా?" అని దారి పొడుగునా అడుగుతూనే ఉంటాడు. మా మొదటి బ్యాటు ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే ఆయన చేసి ఇచ్చిందే. మూడో మ్యాచ్‌లో విరిగింది. దాని పిడి సార్ బీరువాలో ఇప్పటికీ ఉంది.

నవంబరు చివరి వారం. రాత్రే కావలి నుంచి వచ్చి, పొద్దున ఆరు గంటలకు ఉదయగిరి బస్టాండు దగ్గరకు పోయేసరికి కొండ సగం పైన మంచులో ఉంది. రత్నం వ్యాను అద్దం తుడుస్తున్నాడు. గడ్డంలో అక్కడక్కడా తెల్ల వెంట్రుకలు.

"ఏంరా కెప్టెన్, ఇన్నాళ్ళకు దారి తెలిసిందా?" అన్నాడు.

"తెలిసిందిలే. బండి బాగుండాదే."

"బండికేం. నా మోకాళ్ళే పోయినాయి." క్యాచర్లందరికీ ఆఖరున మిగిలేది అదే. ఆటంతా గొంతుక్కూర్చునే ఉండాలి మరి.

కుర్రాళ్ళు ఒక్కొక్కరే ఎక్కుతూ రత్నం చేతిలోని గుడ్డసంచిలో తమ ఫోన్లు వేస్తున్నారు. ఆట రోజు ఫోన్లు తీసేసుకోవడం మా కాలం నుంచీ ఉన్న ఆచారమే. అప్పట్లో సార్ అన్నీ ఆఫ్ చేయించి, సంచి మూతి కట్టి బ్యాట్ల కింద పడేసేవారు. ఇప్పుడు సంచి రత్నం చేతికి వచ్చింది. "ఆఫ్ చేయబాకండిరా. సౌండు పెట్టి ఇయ్యండి," అని ఒక్కొక్కరికీ చెబుతున్నాడు. ప్రతి ఫోను వెనకా తెల్ల ప్లాస్టరు ముక్క, దాని మీద పెన్నుతో పేరు. ఎందుకని అడగబోయి ఊరుకున్నాను.

ఏడు గంటలకు దుత్తలూరులో టిఫినుకు ఆగాం. సెంటర్లో రేకుల షెడ్డు హోటలు, ఎర్రకారం రాసిన దోసెలు. ఇద్దరు తిన్నా వంద రూపాయలు దాటలేదు. కారం తక్కువ కావాలంటే ముందే చెప్పుకోండి, తర్వాత చెప్పి లాభం లేదు. దోసెలు పోస్తున్న అక్క కుర్రాళ్ళ చొక్కాల మీది అంకెలు చూసి, "ఏం ఆట మీది? క్రికెట్టా?" అని అడిగింది.

"బేస్‌బాల్ అక్కా. అట్టాంటిదే," అన్నాడు వాళ్ళ కెప్టెన్. "బంతి కొట్టి, మూడు బేసులు చుట్టి, మళ్ళా బయలుదేరిన చోటికి రావాల. దాన్ని మేము ఇల్లు అంటాము. ఇంటికి వస్తేనే ఒక పరుగు."

"ఇంటికి రాడానికి అంత చుట్టు తిరగాల్నా?" అందామె. అందరూ నవ్వారు. రత్నం సగం తాగిన టీ గ్లాసు బల్ల మీద పెట్టి వ్యాను దగ్గరకు వెళ్ళిపోయాడు.

ఇల్లు అనే మాట మాదే. హోమ్ ప్లేట్ అని సార్ చెబితే తెలుగు మీడియం వాళ్ళం మాకు పలకడానికి తోచక ఇల్లు అనడం మొదలుపెట్టాం. మూడో బేస్‌లో ఉన్నవాడు ఎప్పుడు పరిగెత్తాలో పక్కన నిలబడి చెప్పే పని నాది. "ఇంటికి రా" అని అరిచేవాణ్ణి. నెల్లూరులో ఆడబోతే అవతలి జట్లు పడీ పడీ నవ్వేవి. మాకు అదొక గొప్ప. ఇప్పటి కుర్రాళ్ళూ అదే అంటున్నారు.

దుత్తలూరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా మెట్ట చేలు, కంది, మధ్యలో జామాయిల్ తోటలు. కిటికీ పక్కన కూర్చుంటే చూడటానికి బాగుంటుంది. నాకు మాత్రం పదకొండేళ్ళ కిందటి ఆ రోజే కళ్ళ ముందు తిరిగింది. ఆత్మకూరులోనే మ్యాచ్, ఆఖరి ఇన్నింగ్స్. స్కోరు సమానం. రత్నం మూడో బేస్‌లో ఉన్నాడు. వాళ్ళ చిన్నాయన ఉదయగిరి నుంచి మోటారు సైకిలు మీద వచ్చి, బండి కూడా ఆపకుండా గట్టు మీద నుంచి "రత్నం, ఇంటికి రారా," అని కేకేశాడు. ఆ కేక నాదే అనుకుని రత్నం కళ్ళు మూసుకుని పరిగెత్తాడు. బంతి అవతలి క్యాచర్ చేతికి వచ్చేలోగా జారి ప్లేటు తాకాడు. ఒక పరుగు ఆధిక్యం. అందరూ అతని మీద పడి ఎత్తేస్తున్నారు. నేను పిలవకుండా ఎట్లా పరిగెత్తాడని బిత్తరపోయి చూస్తుంటే చిన్నాయన నా పక్కకు వచ్చాడు.

"వాళ్ళ నాయనకు గుండెలో నొప్పి వచ్చింది. ఉదయగిరి ఆస్పత్రిలో ఏసినాము. ఫోన్లు చేస్తే ఒక్కటీ పలకడంలా. వాణ్ణి పంపించు," అన్నాడు.

అవతలి జట్టు ఇంకా ఆడాలి. మాకు ఇంకో క్యాచర్ లేడు. రత్నం పోతే మ్యాచ్ పోతుంది. "ఒక్క పది నిమిషాలు కూర్చో చిన్నాయనా, అయిపోతాది," అన్నాను. కాలేజీ వాళ్ళ ఆట మధ్యలో లేపకూడదేమో అనుకుని ఆయన గట్టు మీద కూర్చున్నాడు. పది నిమిషాలు ముప్పావు గంట అయింది. రత్నం మాస్కు పెట్టుకుని ప్లేటు వెనక కూర్చుని బంతులు పడుతూనే ఉన్నాడు. ఆ ముప్పావు గంటలో నేను రెండుసార్లు ఆట ఆపగలిగి ఉండి ఆపలేదు. గెలిచాం. చిన్నాయన బండి మీద రత్నం ఆస్పత్రికి చేరేసరికి వాళ్ళ నాయన పోయాడు. చిన్నాయన ఆట చూడ్డానికి వచ్చాడనుకున్నామని అందరూ అన్నారు. నేనూ అదే అన్నాను.

ఎనిమిదిన్నరకు ఆత్మకూరు చేరాం. మైదానం అదే, గట్టు అదే. మ్యాచ్ తొమ్మిదింటికి మొదలైంది. రెండు జట్లకూ కలిపి పదకొండు గ్లవ్‌లు. అందుకని ఒక జట్టు లోపలికి వస్తూ గ్లవ్‌లు ఎక్కడివక్కడ నేల మీద వదిలి వస్తుంది, అవతలి వాళ్ళు పోయి అవే తొడుక్కుంటారు. గెలుపు కోసం కొట్లాడుకునేవాళ్ళు ఒకరి చెమట ఒకరు పంచుకోవడం ఈ మెట్ట ప్రాంతం కాలేజీల్లోనే చూశాను. నాలుగో ఇన్నింగ్స్‌లో మావాడొకడు మూడో బేస్‌కు చేరాడు. "ఇంటికి రా, ఇంటికి రా," అని కుర్రాళ్ళంతా అరిచారు. నా చేతిలో పెన్ను ఆగిపోయింది. రత్నం కోసం చుట్టూ చూశాను, కనపడలేదు. స్కోరు పుస్తకం సార్‌కు ఇచ్చి లేచాను.

గోడ నీడలో వ్యాను, అద్దాలన్నీ ఎత్తేసి ఉన్నాయి. లోపల రత్నం డ్యాష్‌బోర్డు మీద తువ్వాలు పరిచి, ఫోన్లన్నీ పేర్లు పైకి కనపడేట్టు వరసగా బోర్లించి పెట్టుకున్నాడు. తలుపు తీసేసరికి ఒకటి మోగింది.

"ఆఁ అమ్మా, ఆడతా ఉండాడు. నేను డ్రైవర్ని. ఏమన్నా చెప్పాల్నా? తిన్నాడమ్మా, దోసెలు తిన్నాడు. అర్జెంటయితే చెప్పు, ఇప్పుడే లేపుకొస్తా. సరే, ఆట అయినాక చేపిస్తా." ఫోను మళ్ళీ దాని చోట పెట్టాడు. ఏ మ్యాచ్‌కి వచ్చినా అతను గ్రౌండులోకి రాడనీ, ఇక్కడే ఇలా కూర్చుంటాడనీ అప్పుడు అర్థమైంది. ఎక్కి పక్క సీట్లో కూర్చున్నాను.

"రత్నం, నీకొక మాట చెప్పాల," అన్నాను.

"చెప్పు."

"ఆ రోజు చిన్నాయన నాతో చెప్పినాడు, నాయన్ని ఆస్పత్రిలో ఏసినారని. నేను విన్నాను. నువ్వు పోతే క్యాచర్ లేడని ఆయన్ను కూర్చోబెట్టినాను." నెల రోజులుగా ఎన్నో మాటలు కూడబలుక్కున్నాను. నోట్లోంచి వచ్చింది ఇంతే.

రత్నం అద్దంలోంచి గోడ వైపు చూస్తూ, "తెలుసు," అన్నాడు.

"ఎవురు చెప్పినారు?" అన్నాను.

"ఆ రోజు బండి మీదనే చెప్పినాడు చిన్నాయన. మీ కెప్టెన్ పది నిమిషాలన్నాడురా అని. ఇంట్లో చెప్పొద్దని ఆయన్ను నేనే ఆపినాను."

"మరి కూటంలో తప్పు నాదని ఎందుకు చెప్తావు?"

"నీ పేరు నేను చెప్పాల్నా? నువ్వు ఎదురుగానే కూర్చోని ఉంటావు కదా. ఈ ఏడన్నా లేస్తాడేమోనని చూస్తా. ప్రతి ఏడూ చూసినాను. పప్పుచారు బాగుండాది అని చెప్పి పోతావు." అతని గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదనిపించింది. "మా అమ్మ ఇప్పటికీ నేనే వినిపించుకోలేదనుకుంటా ఉండాది. నాయన రెండు మాట్లు అడిగినాడంట, వాడొచ్చినాడా అని."

"తప్పయిపోయింది రా," అన్నాను.

"అది నాకు కాదు." ఇంకో ఫోను మోగింది. దాన్ని చేతిలోకి తీసుకుని, ఎత్తబోయే ముందు నా వైపు తిరిగాడు. "ఆదివారం ప్రార్థన అయినాక ఇంటికి రా. అమ్మకు నువ్వే చెప్పు."

రెండు పరుగుల తేడాతో ఓడిపోయాం. కుర్రాళ్ళు మొహాలు వేలాడేసుకుని వ్యానెక్కుతుంటే రత్నం తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరి ఫోను ఒక్కొక్కరికి ఇచ్చాడు. "మీ అవ్వకు జొరం తగ్గిందంట," అన్నాడు ఒకడితో. ఇంకొకడితో, "నువ్వు మీ అమ్మకు ఫోన్ చెయ్యి, చీటీ యాడ పెట్టినావో అడుగుతా ఉండాది." ఒక్క కబురూ మరిచిపోలేదు. సాయంత్రం నాలుగింటికి ఉదయగిరి బస్టాండులో దిగి కావలి బస్సెక్కాను.

ఇది శనివారం రాస్తున్నాను. రేపు పొద్దున్నే వరికుంటపాడు పోవాలి. ఆమె ఏమంటుందో తెలియదు, అసలు నా మాట పూర్తిగా వింటుందో లేదో తెలియదు. భయంగా ఉంది. చెప్పేస్తే బరువు దిగిపోతుందని ఆత్మకూరు పోయేటప్పుడు అనుకున్నాను, దిగలేదు. ఎప్పుడో గెలిచిన ఒక్క పరుగు కోసం ఒక తల్లి పదకొండేళ్ళు కన్నకొడుకును తప్పుపట్టుకుంటూ బతికింది. ఆ పరుగు స్కోరు పుస్తకంలో ఎక్కడుందో నాకు తెలుసు, పేజీ కూడా గుర్తుంది. దాన్ని కొట్టేసే వీలు లేదు. వెళ్ళి ఆమె ముందు నిలబడటం ఒక్కటే నా చేతిలో ఉంది, అది చేస్తాను.

జట్టుతో పొరుగూరు పోయేవాళ్ళకు నేను చెప్పగల జాగ్రత్త ఒకటే. ఆడని మనిషినొకరిని తోడు తీసుకుపోండి, ఫోన్లన్నీ సౌండు పెట్టి ఆ మనిషి చేతికి ఇవ్వండి, ఆ మనిషి నంబరు అందరి ఇళ్ళలోనూ రాసిపెట్టి రండి. అయినా ఎవరైనా గట్టు మీదకు వచ్చి మీలో ఒకరిని ఇంటికి రమ్మని కేకేస్తే, స్కోరు ఎంతైనా సరే, ఆట ఆపి, ఏ ఇంటికో అడగండి.