తోక చూపిస్తూ వచ్చిన మేక

టీవీలో పిల్లల కార్యక్రమం చూసినవాళ్లకు ఆ మేక బొమ్మ గుర్తుండే ఉంటుంది. తెర మీదికి ముఖంతో కాదు, తోకతో వచ్చేది. పిల్లలు పిలిస్తే తప్ప ఇటు తిరిగేది కాదు. దాని మొదటి రాక టీవీ స్టూడియోలోనే జరిగిందనీ, అలా వెనక్కి తిప్పి చూపించడం అక్కడి ప్రొడ్యూసరుకు తట్టిన ఉపాయమనీ బొమ్మలాట పనిలో ఉన్నవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండూ తప్పే. అది మొదటిసారి వచ్చింది 1962 ఆగస్టులో, మహబూబ్‌నగర్ జిల్లాలో, కొల్లాపూర్‌కు గంట బస్సు దూరంలో ఉన్న ఒక ఊరి బడి అరుగు మీద. నేను అక్కడే ఉన్నాను. పైగా ఆ మేకను కుట్టింది నేనే.

ఆ జూన్‌లోనే నన్ను అక్కడి బ్లాకుకు ముఖ్యసేవికగా వేశారు. ఆడవాళ్ల, పిల్లల కార్యక్రమాలు చూసే ఉద్యోగం అది. పైన బి.డి.ఓ., కింద ఇద్దరు గ్రామసేవికలు. నేను నల్లగొండ దాన్ని, హైదరాబాదులో బి.ఏ. చదివాను, బొమ్మలాటలో మూడు వారాల శిక్షణ కూడా పొందాను. జిల్లాలో ఆ శిక్షణ ఉన్నది నా ఒక్కదానికేనని అవసరం ఉన్నా లేకున్నా అందరికీ చెప్పేదాన్ని. గ్రామసేవికల్లో ఒకామె సత్తెమ్మ. మేకలు, గొర్రెలు కాసే ఇంటి ఆడపిల్ల. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. నాకంటే ఏడాది చిన్నది.

మేం ఆడించినవి చేతికి తొడిగే బొమ్మలు. పాత కాగితాలు నానబెట్టి, మెంతులు రుబ్బి కలిపి, ఆ గుజ్జుతో తల చేయాలి. మెంతులు ఉంటే పురుగు పట్టదు. చూపుడువేలు మెడలోకి, బొటనవేలూ నడిమివేలూ చేతుల్లోకి పోతాయి. రెండు మంచాలు నిలబెట్టి, అడ్డంగా గొంగడి కడితే అదే తెర. కొత్త బొమ్మను పరిచయం చేయడానికి మాకు నేర్పిన పద్ధతి ఒకటుంది. ముందు ముఖం చూపాలి, తరువాత నమస్కారం పెట్టాలి, ఆ తరువాత పేరు చెప్పాలి. ఇవి కాకముందు బొమ్మ ఏ పనీ చేయకూడదు.

ఆ రోజు నా ముఖ్యపాత్ర శుభ్రయ్య. పోచంపల్లి చీర ముక్కతో అంగీ కుట్టాను. కాచిన నీళ్ల గురించి, గోళ్ల గురించి శుభ్రయ్య చెప్పవలసిన మాటలు నాలుగు పేజీలు రాసి బి.డి.ఓ. చేత సంతకం చేయించాను. మేక ఊరికే మధ్యలో వచ్చి కాగితం తిని పోవాలి. దాన్ని సత్తెమ్మకు ఇచ్చాను.

శుభ్రయ్య ముఖం చూపాడు, నమస్కారం పెట్టాడు, పేరు చెప్పాడు. పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారు, బడి తనిఖీకి వచ్చినవాడిని చూసినట్టు. మూడో పేజీకి వచ్చేసరికి వెనక వరుస లేచి గేటు దిక్కు చూస్తోంది. అప్పుడు సత్తెమ్మ మేకను లేపింది. లేపితే పిల్లలకు కనబడింది దాని వీపూ తోకా. తొడుగు ఉల్టా తొడిగింది. నేను పళ్లు కొరుక్కుంటూ, తిప్పు, తిప్పు అని సైగ చేశాను. ఆమె తిప్పలేదు. మేక అట్లాగే నిలబడింది.

అవతల ఒక పిల్ల గొంతు వినబడింది. "గది మన ఊరిది గాదు. గందుకే మొగం సూపుత లేదు."

"మనదే. నువ్వు పిలుస్త లేవు," అన్నాడు ఇంకొకడు. నాలుక అంగిటికి కొట్టి, మందను మళ్లేసేటప్పుడు చేసే చప్పుడు చేశాడు. మేక చెవి కదిలింది. అంతే, బడి మొత్తం నాలుక కొట్టడం మొదలుపెట్టింది. బాగా పిలిపించుకుని, విసుగ్గా, మెల్లగా, తల ఒక్కటే వాళ్ల దిక్కు తిప్పింది మేక. అంత నవ్వు నా ఉద్యోగంలో మళ్లీ వినలేదు. నా శుభ్రయ్య చెయ్యి ఎత్తి అక్కడే ఉండిపోయాడు.

ఆట అయ్యాక గట్టిగా అడిగాను. సత్తెమ్మ తల వంచుకుని, "తొందర్ల ఉల్టా తొడిగిన అమ్మా, తప్పైంది," అంది. నేను డైరీలో పొరపాటు అనే రాశాను.

అక్కడి నుంచి ఏ ఊరికి వెళ్లినా మేక ఏదని అడిగేవారు. శుభ్రయ్యను ఒక్కరూ అడగలేదు. నాకు కడుపు మండింది. దాచి లాభం లేదు. నేను కుట్టిన తోక, నేను అతికించిన చెవులు, పేరు మాత్రం ఆమెది. సత్తెమ్మ మేక అనేవారు.

అక్టోబరులో మా ఆట చూసి మనిషిని ఎంచడానికి జిల్లా అధికారి వచ్చారు. హైదరాబాదులో ఆరు నెలల బొమ్మలాట శిక్షణకు జిల్లా నుంచి ఒక్కరినే పంపాలి. అక్కడికి పోయినవారికి ఆ తరువాత అదే పని, అదే ఉద్యోగం. ఆ సీటు నాదేనని బట్టలు కూడా సర్దుకున్నాను. ఆట మొదలయ్యే ముందు సత్తెమ్మను పిలిచి, ఈ రోజు మేకను నేను ఆడిస్తానన్నాను. "మీ ఇష్టం అమ్మా," అని చేతిలో పెట్టింది.

పద్ధతి తప్పలేదు నేను. ముఖం చూపించాను, నమస్కారం పెట్టించాను, నా పేరు మేక అని చెప్పించాను. ముందు వరుసలో ఒక పిల్ల పక్కదానితో నెమ్మదిగా, "గిది మేక గాదే, పంతులమ్మ," అంది.

జిల్లా అధికారి నవ్వు ఆపుకుని, ఇదివరకు దీన్ని ఎవరు ఆడించేవారని బి.డి.ఓ.ను అడిగారు. సత్తెమ్మ తెర వెనకకు వచ్చింది. తోక ముందు వచ్చింది. మిగతాది చెప్పనక్కరలేదు.

సీటు ఆమెకు వచ్చింది. కానీ ఆమె పైఅధికారిణిగా సిఫారసు కాగితం మీద సంతకం నాదే ఉండాలి. తొమ్మిది రోజులు ఆ ఫైలు నా బల్ల మీద పెట్టుకున్నాను. మెట్రిక్ లేదని అంచున రాశాను. అది అబద్ధం కాదు, కానీ ఎందుకు రాశానో నాకు తెలుసు. చివరికి బి.డి.ఓ. గదిలోకి వచ్చి నిలబడి, "ఏమమ్మా, గా కాగితం పైకి పోతదా, నేనే నెత్తిన పెట్టుకొని తీస్కపోవాల్నా?" అన్నారు. సంతకం చేశాను. ఆమె మేకను కూడా తీసుకుపోయింది. ఆ మేకే టీవీ దాకా వెళ్లింది. నేను బ్లాకుల్లో తనిఖీలు చేసి, సర్వీసు ఇంకా ఉండగానే విరమణ తీసుకున్నాను.

ఆ సంఘటన నేర్పిందిది: కొత్త బొమ్మ పిల్లలను పలకరించకూడదు, పిల్లల చేత పిలిపించుకోవాలి. ఈ సూత్రాన్ని తరువాత ఎన్నో శిక్షణ తరగతుల్లో నేనే బోధించాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఎక్కడా చెప్పలేదు.

తేలనిది ఒక్కటే మిగిలింది. తొందరలో ఉల్టా తొడిగినవాళ్లు తెలియగానే తిప్పుకుంటారు. ఆమె పిల్లల పిలుపు వచ్చేదాకా చెయ్యి కదపలేదు. పొరపాటే అయితే నాకు దక్కవలసింది అదృష్టం కొద్దీ ఆమెకు పోయిందని అనుకోవచ్చు. ఇన్నేళ్లూ అట్లాగే అనుకుంటూ వచ్చాను. పొరపాటు కాకపోతే, ఆమె మొదటి రోజే నాకంటే మంచి పనిమంతురాలు, కోపిష్టి అధికారిణి ముందు తప్పైందని చెప్పి తప్పుకుంది. ఇది నువ్వు చదువుతావని నాకు తెలుసు. సత్తెమ్మా, ఆ రోజు మేకను ఉల్టా తొడిగింది నిజంగా తొందరలోనేనా?