గుంటలు తప్పించకుండా తీరం దాకా

నా కళ్లజోడు అద్దాల మీద గీతలు పడితే, మార్పించుకుందామని గూడూరులో దేవదానం గారి కొట్టుకు వెళ్లాను. గీతలు పడకుండా అద్దం మీద వేసే పూతలో కొత్తరకం వచ్చిందని, దాన్ని పరీక్షించాక గానీ ఎవరికీ ఇవ్వనని ఆయన చెప్పారు. గురువారం ఆ పని మీదే వాకాడు అవతల ఒక పాలేనికి పోతున్నానని, నన్నూ రమ్మన్నారు. పరీక్ష అక్కడ వలలు బాగుచేసే పోలయ్య గారి కోసం. ఆయనకు దేవదానం గారు ఇప్పటికి రెండు కళ్లజోళ్లు ఇచ్చారు. రెండూ నెల తిరక్కుండానే మసకబారాయి. మూడోదీ అంతే అయితే ఇక వల ముట్టనని ఆ పెద్దాయన చెప్పేశారు.

నెల్లూరులో ఆరున్నర బస్సు ఎక్కి ఏడున్నర దాటాక గూడూరులో దిగాను. మస్తాన్ ఆటోను రానూపోనూ పన్నెండొందలకు మాట్లాడుకున్నాం. వెనక సీటు ముందు ఒక అల్యూమినియం ట్రే బిగించి ఉంది. దాని అడుగున రెండు అద్దాలు, ఒకటి పాత పూతది, ఒకటి కొత్తది. వాటి మీద పాలెం నుంచి తెచ్చిన ఇసుక. ఇదివరకు దేవదానం గారు స్టీలు పీచుతో రుద్ది చూసేవారట. పాత పూత ఆ పరీక్ష నెగ్గింది కూడా. కానీ పాలెంలో అద్దం మీద ఉప్పునీరు ఎండుతుంది, దాని మీద ఇసుక పడుతుంది, అలాగే తువ్వాలుతో తుడిచేస్తారు. ఇసుక ట్రేని అటూ ఇటూ ఊపడానికి పెద్ద ప్రయోగశాలల్లో యంత్రం ఉంటుంది. ఈయనకు మస్తాన్ ఉన్నాడు.

“గుంటలు తప్పించబాక మస్తానూ, అన్నిట్లో దించు” అన్నారు దేవదానం గారు.

“పదైదేళ్లుగా తప్పించేదే నేర్చుకున్నా సామీ. ఈరోజు ఒక్కదానికి మరిచిపోమంటే ఎట్టా?”

మంచి రోడ్డు వచ్చినప్పుడల్లా దేవదానం గారు దిగులుపడ్డారు. కోటలో ఆగి నలభై రూపాయల కారం దోసె తిన్నాం. దోసెలు పోసే అక్క ట్రే వంక చూసి, సముద్రానికి ఇసుక మోసుకుపోయేవాళ్లను ఇప్పుడే చూస్తున్నానంది.

పదిన్నరకు పాలెం చేరాం. పోలయ్య గారు రేకుల పంచలో కూర్చుని ఉన్నారు. వల మాత్రం పక్కన ఆయన తమ్ముడు వెంకటేసు చేతిలో ఉంది. దేవదానం గారు అద్దాలు తీసి మంచినీళ్లతో కడిగి, నల్లగుడ్డ మీద పెట్టి టార్చి వేశారు. పాతది పొగ పట్టినట్టు తెల్లబడింది. కొత్తదాని మీద సన్నగీతలు మూడు, అవీ అంచున.

పోలయ్య గారు ఒప్పుకోలేదు. “ఆటో ఊపితే సరా? తుడిచేది నేను గదా” అంటూ ఆ అద్దాన్ని సముద్రపు నీళ్లలో ముంచి, ఎండలో పెట్టి, ఆరాక భుజం మీది తువ్వాలుతో గట్టిగా రుద్దడం మొదలుపెట్టారు. దేవదానం గారు చూడలేక సముద్రం వైపు తిరిగారు. యాభై దాకా లెక్కపెట్టి పోలయ్య గారు అద్దాన్ని ఎండకెత్తి చూశారు. కొత్త గీత ఒక్కటీ పడలేదు.

అప్పుడు దేవదానం గారు జేబులోంచి కళ్లజోడు తీశారు. అదే పూత, పోలయ్య గారి పవరు. నెగ్గకపోతే చూపించకుండానే వెనక్కి తీసుకుపోవాలని తెచ్చారట. పెద్దాయన అది పెట్టుకుని, తమ్ముడి చేతిలోని వల లాక్కుని, కాలి బొటనవేలికి తగిలించి బిగలాగారు. కాసేపు వల కన్నులు ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయి ఒకచోట ఆగారు.

“ఈ ముడి ఏసింది ఎవుర్రా?”

వెంకటేసు నీళ్లు తెస్తానని లేచిపోయాడు. మేం చేపల పులుసు తిని బయల్దేరే సమయానికి పోలయ్య గారు తమ్ముడు వేసిన ముళ్లు పదకొండు విప్పి మళ్లీ వేశారు. పన్నెండోదాన్ని తిడుతున్నారు.

పరీక్షలో నెగ్గిందన్న మాటను విలేకరిగా వార్తల్లో ఎన్నోసార్లు రాశాను. ఆ వస్తువు ఎవరి చేతికి పోతుందో, వాళ్లు దాన్ని ఎలా వాడతారో ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు పాలెంలో ఆ ప్రశ్నకు జవాబు ఒక పాత తువ్వాలు చెప్పింది.

ఈ తీరానికి వచ్చేవాళ్లు ఒక సీసా మంచినీళ్లు అదనంగా తెచ్చుకోండి. అద్దాల్ని ముందు కడగండి, తర్వాతే తుడవండి. అందరి అద్దాలూ ఈ పరీక్ష నెగ్గినవి కావు.