ఎడమ తలుపు

మా బాబాయిగారు ఏ కారు దగ్గరికెళ్ళినా ముందు ఎడమ తలుపే తీసేవారు. ఇరవై రెండేళ్ళు కువైట్‌లో డ్రైవరుగా చేసేరు మరి. అక్కడ స్టీరింగు ఎడమవైపు ఉంటుంది.

సెలవుకొచ్చినప్పుడల్లా అద్దెకారు పిలిపించి మా పిల్లమూకనంతా అంతర్వేది తీసుకెళ్ళేవారు. ఎడమ సీట్లో కూర్చుని, స్టీరింగు కోసం చేతులు చాపి, "ఆయ్, ఎవడో ఎత్తుకుపోయేడర్రా!" అనేవారు. మేం పగలబడి నవ్వేవాళ్ళం.

యాభై నాలుగో ఏట కువైట్ కంపెనీ ఇక చాలంది. రాజోలు వచ్చేసేరు. మలికిపురంలో ఒక కొబ్బరికాయల షావుకారుకి డ్రైవరు కావాలంటే నేనే మాట్లాడి, వెంట వెళ్ళేను. బాబాయిగారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చేరు. తాళాలు పుచ్చుకుని, తిన్నగా వెళ్ళి ఎడమ తలుపు తీసేరు.

షావుకారు నవ్వలేదు. "ఈ వయసులో అలవాట్లు మారవు కదండీ" అన్నాడు.

"ఆయ్, నిజమేనండి" అని రెండు చేతులతో తాళాలు తిరిగిచ్చేసేరు బాబాయిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

తర్వాత పని కోసం రావులపాలెం దాకా తిరిగేరు. అందరూ వయసే అడిగేరు. అలవాటు పోవాలని మంచం కూడా కుడివైపు నుంచే దిగుతున్నారని పిన్ని చెప్పింది.

పోయిన వేసవిలో నేను పాతకారొకటి కొనుక్కుని, చూపించడానికి వాళ్ళింటికి వెళ్ళేను. బాబాయిగారు వీధిలోకొచ్చి, ఏ తడబాటూ లేకుండా కుడి తలుపు తీసేరు. వంగి స్టీరింగు మీద చెయ్యి వేసేరు.

"నడిపేది నువ్వు కదమ్మా" అని తలుపు మెల్లగా వేసి, చుట్టూ తిరిగి ఎడమవైపుకి వెళ్ళేరు.