వినుకొండ దారిలో పిల్లల గుడారం

గుంటూరు నుంచి వినుకొండ పోవడాన్ని యాత్ర అంటే నవ్వుతారేమో. కాశీ కాదు, కేదారం కాదు. తెల్లవారి బండెక్కితే ఎండ ముదరకముందే దిగిపోతాం. అయినా రాస్తున్నాను. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇంకా దిగలేదు, అందుకని రాస్తున్నాను.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. గుంటూరులో ఒక చిన్న ట్రస్టులో గ్రాంట్లు చూస్తాను. అంటే దాతలకు అప్లికేషన్లు రాయడం, వచ్చిన డబ్బు దేనికని ఇచ్చారో దానికే ఖర్చయ్యేట్టు కాపలా కాయడం, ఆఖరున ఆ డబ్బు వల్ల ఎవరికైనా మేలు జరిగిందా అని బయటివాళ్ళ చేత పరీక్ష చేయించడం. ఈ పరీక్షని మేం ఇవాల్యుయేషన్ అంటాం. మా అత్తగారు మాత్రం "మా కోడలు ఊళ్ళమ్మట తిరిగి సంతకాలు పెట్టిస్తది" అని చెబుతుంది. ఆవిడ చెప్పేదే జనానికి అర్థమవుతుంది.

మిరప కోతలప్పుడు కూలికెళ్ళే తల్లులు చంటిపిల్లల్ని చేలోకే తెచ్చుకుంటారు. సాళ్ళ మధ్య గోతాం పరిచి కూర్చోబెడతారు. పిల్లలు ఊరుకుంటారా? కాయ పట్టుకుంటారు, ఆ చేత్తోనే కళ్ళు పులుముకుంటారు, ఇక చూస్కోండి ఏడుపు! అందుకని రేగులపాడు అనే ఊళ్ళో, చేల పక్కన, మా ట్రస్టు ఒక గుడారం వేసింది. నీడ, చీర ఉయ్యాలలు, మంచినీళ్ళు, మధ్యాహ్నం తలా ఒక ఉడకబెట్టిన గుడ్డు, చూసుకోవడానికి ఒక ఆయమ్మ. రెండేళ్ళు డబ్బిచ్చిన దాత సంస్థ, మూడో ఏడు నుంచి ఇంకా చాలా ఊళ్ళకు ఇస్తామంది. ఒక్క షరతు. గుడారం ఉన్న రేగులపాడు పిల్లలకూ, గుడారం లేని పక్క ఊరు సీతంపాలెం పిల్లలకూ మధ్య దగ్గులో, కళ్ళ జబ్బులో తేడా కనపడాలి. తేడా ఉంటే డబ్బు, లేకపోతే గుడారం పీకెయ్యడమే.

మార్చి మొదటివారం. ఆరున్నరకు బండి. ప్లాట్‌ఫాం మీద ఇడ్లీ తిన్నాను. చట్నీలో కారం చూస్తే ఊరు పేరు చెప్పక్కర్లేదు. పరీక్షకు వచ్చిన శ్రీధర్ గారు అప్పటికే సీటు పట్టుకుని కూర్చున్నారు. బెంగుళూరులో లెక్కల శాస్త్రం చదువుకున్న కుర్రాడు, పుట్టింది అనంతపురం. నెమ్మదస్తుడు. ఇలాంటి పరీక్షలకు వచ్చేవాళ్ళలో అబద్ధం రాసేవాళ్ళను చూశాను, చూడకుండా రాసేవాళ్ళను ఇంకా ఎక్కువ చూశాను. ఈయన ఆ రెండు రకాలూ కాదని మొదటిసారి మాట్లాడినప్పుడే తెలిసింది. సంతోషించాను కూడా. నా ఖర్మ.

ఎదురు సీటులో ఒక రైతు. మిర్చి యార్డులో కాయ అమ్ముకుని తిరిగి వెళ్తున్నాడు. బట్టల్లోంచి వచ్చే ఘాటుకి పెట్టెలో సగంమంది తుమ్ముతున్నారు.

"రేటేమన్నా పలికిందా అండీ?" అన్నాను.

"ఆ, పలికింది. వినపడీ వినపడకుండా పలికింది," అని నవ్వాడు. మేం రేగులపాడు వెళ్తున్నామంటే నిటారుగా కూర్చున్నాడు. "ఆ పిల్లల టెంటు మీదేనా? మా కొంప ముంచారు గదమ్మా! కూలి ముఠావాళ్ళంతా ఆ టెంటుండే చేలకే పోతామంటున్నారు. మా వైపు కోతకు రమ్మంటే, 'మాకూ టెంటు వేయించు' అంటున్నారు."

నాకు ఒళ్ళు పులకరించింది. శ్రీధర్ గారి వైపు చూసి, "విన్నారా, ఇది రాసుకోండి," అన్నాను.

"బాగుంది మేడం. కానీ ఇది మన ప్రశ్నల్లో లేదు," అన్నారాయన.

నరసరావుపేటలో టీ తాగాం. అక్కణ్ణించి కిటికీ పక్క కూర్చోండి. ఒకవైపు పత్తి తీసేసిన మోళ్ళు, ఇంకోవైపు కల్లాల్లో ఆరబోసిన కాయ, కంటికి ఆనినంత మేరా ఎరుపే. చూడ్డానికి ఎంత బాగుంటుందో పీల్చడానికి అంత పాడుగా ఉంటుంది, నోటికి గుడ్డ కట్టుకోండి. తొమ్మిది కావస్తుండగా వినుకొండ కొండ కనపడింది. స్టేషన్ బయట ఆటో మాట్లాడుకుని రేగులపాడు చేరేసరికి పది దాటింది.

గుడారం వాగు గట్టు పక్కనే ఉంది. ఆయమ్మ మరియమ్మ గారు, యాభై దాటిన మనిషి, ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ ఇంకో చేత్తో ఒక పిల్ల ముక్కు తుడుస్తోంది. మమ్మల్ని చూసి లేవబోయింది. కూర్చోమన్నాను. పిల్లలు కిటకిటలాడుతున్నారు. ఒకడు నా చెప్పు తీసుకుని పరుగో పరుగు.

"భలేవాడే! ఎవరి అబ్బాయి?" అన్నాను.

"మా మనవడేనండి. మా అమ్మాయిని సీతంపాలెం ఇచ్చాం గదా, దాని కొడుకు."

నేను నవ్వుతున్నాను ఇంకా. శ్రీధర్ గారు నవ్వడం లేదు. "సీతంపాలెం పిల్లలు కూడా ఇక్కడికి వస్తారా అమ్మా?" అని అడిగారు.

"వస్తారండి. మొదట్నుంచీ వస్తున్నారు. వాగు దాటితే ఆ ఊరే. తల్లులంతా ఒకే ముఠా, ఒకే ఆటోలో వస్తారు. ఇదిగో ఈ పిల్ల ఆ ఊరిదే, ఆ ఉయ్యాల్లో వాడూ ఆ ఊరోడే."

నా నవ్వూ ఆగిపోయింది. "మరియమ్మ గారూ, ఈ ఊరి పిల్లలకే అని చెప్పాం కదండీ మీకు?"

"చెప్పారండి. నేను కాదంటం లేదు." ఆవిడ గొంతు కొంచెం పెరిగింది. "నా మనవణ్ణి ఎండలో కూకోబెట్టి ఊరోళ్ళ పిల్లల్ని ఊపమంటారా? సరే, వాణ్ణి రానిచ్చా. వాడి మేనత్త బిడ్డ గట్టు మీద నుంచోని చూస్తంటే దాన్ని పొమ్మంటానా? రేపు ఆ గడప తొక్కొద్దా నేను? గుడ్డు కూడా సగం సగం చేసి పెడతన్నా. మీ సొమ్మేం ఎక్కువ తినలేదండి."

అప్పుడు బుర్రలో వెలిగింది, మేం ఎంత గొప్ప పని చేశామో. పోల్చడానికి అన్ని విధాలా ఒకేలా ఉండే రెండు ఊళ్ళు కావాలని మేమే వెతికించాం. ఒకే నేల, ఒకే పంట, ఒకే కులం, రెండు చర్చిలకూ ఒకే పాస్టరు గారు. కంప్యూటరు ఏరి ఏరి ఈ జంటను ఇచ్చింది. మా తెలివి తెల్లారినట్టే ఉంది! పల్నాట్లో అన్ని విధాలా ఒకేలా ఉండే పక్క పక్క ఊళ్ళంటే వియ్యమందుకునే ఊళ్ళు కాక మరేమిటి? ఒక ఊరి గడపలో ఇంకో ఊరి ఆడపిల్ల ఉంటుంది. ఆ సంగతి గుంటూరులో పుట్టి పెరిగిన మాలో ఒక్కరికీ తట్టలేదు. సర్వేకి వెళ్ళినవాళ్ళు సీతంపాలెంలో ఇంటింటికీ పోయి "మీ ఊళ్ళో గుడారం ఉందా?" అని అడిగారు. లేదన్నారు. నిజమే, లేదు. అది వాగు అవతల ఉంది.

శ్రీధర్ గారు నన్ను పక్కకు పిలిచారు. "సర్వే లెక్కల్లో రెండు ఊళ్ళ పిల్లల ఆరోగ్యం ఒకేలా వచ్చిందని నిన్ననే చూశాను మేడం. ఎందుకో అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది."

"అర్థమైంది కదా? మరి అదే రాయండి! గుడారం పనిచేసింది, పక్క ఊరికి కూడా పనిచేసింది అని రాయండి!"

"వాళ్ళూ వచ్చారని రాస్తాను. పనిచేసిందని ఎట్లా రాయను? గుడారం లేని పిల్లలు ఎట్లా ఉంటారో నా దగ్గర లెక్క లేదు. దాతవాళ్ళు చదివేది మొదటి పేజీ. అందులో తేడా లేదనే ఉంటుంది."

"ఇంకో ఊరు తీసుకుని మళ్ళీ చూడొచ్చు కదండీ?"

"చూడొచ్చు. దానికి ఇంకో కోత కావాలి, ఇంకో గ్రాంటు కావాలి."

ఆ మాట నేను ఎంతమందికి చెప్పి ఉంటానో ఇన్నేళ్ళలో. నాకే చెబితే చెంప మీద కొట్టినట్టయింది.

మరియమ్మ గారికి మా మొహాలు చూసే సగం తెలిసిపోయింది. దాచడం నా వల్ల కాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను, వచ్చే ఏడు గుడారం ఉండదేమోనని. ఆవిడ శ్రీధర్ గారి దగ్గరకు వెళ్ళి, "ఆ పిల్లలు రాలేదని రాసుకోండి సారూ. మా వాళ్ళెవ్వరూ నోరు మెదపరు, ప్రభువు మీద ఒట్టు," అంది.

"రాలేదని రాసినా ఉపయోగం లేదమ్మా. రెండు ఊళ్ళ పిల్లలూ ఒకేలా ఉన్నారు కదా."

ఆవిడ నా వైపు తిరిగింది.  "అయితే ఏందమ్మా, నా మనవడికి కళ్ళు వాచి, దగ్గి దగ్గి పడుంటే, అప్పుడు మాకు టెంటు ఉండేదా?"

అవునన్నాను. ఇంకేమనను? అదే నిజం. ఆ ఒక్క ముక్క చెప్పడానికి నేను పడ్డ సిగ్గు పగవాడికి కూడా వద్దు. ఆవిడ మళ్ళీ నా మొహం చూడలేదు. ఉయ్యాల దగ్గరకు వెళ్ళి కూర్చుంది. చేలో కాయ కోస్తున్న ఆవిడ కూతురు నడుం ఎత్తి ఇటు చూసి, అంతా బాగానే ఉందనుకుని చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

రెండింటికి వినుకొండ తిరిగి వచ్చి బస్టాండు దగ్గర మెస్సులో భోజనానికి కూర్చున్నాం. గోంగూర, ముద్దపప్పు, నెయ్యి. ఆ మెస్సులో తిండికి వంక పెట్టక్కర్లేదు, వెళ్తే తప్పక తినండి. నాకు మాత్రం ముద్ద దిగలేదు. శ్రీధర్ గారు కూడా పప్పన్నం కెలుకుతూ కూర్చున్నారు. "సారీ మేడం," అన్నారు. ఆయన్ని తిట్టడానికి నాకు కారణం దొరికితే ఎంత బాగుండు! దొరకలేదు. ఆయన రైలుకి ఉండిపోయారు. ఇద్దరం పక్క పక్కన కూర్చుని ఏం మాట్లాడుకుంటాం? నేను మూడున్నర బస్సెక్కాను.

బస్సు నిండా కూలి జనం, సంచులు, ఘాటు. నరసరావుపేట దాటాక మా డైరెక్టరు గారు ఫోన్ చేశారు. అంతా విని, "అయ్యో," అన్నారు. నిజంగానే బాధపడ్డారు. ఆ బాధ చిలకలూరిపేట అడ్డరోడ్డు దాకా కూడా రాలేదు. "పోనీలెండి, ఈసారి ఊళ్ళు దూరం దూరంగా తీసుకుందాం. అన్నట్టు కౌలు రైతుల మీద కొత్త గ్రాంటొకటి పడింది. అప్లికేషన్ శుక్రవారంకల్లా పంపగలరా?"

పంపుతానన్నాను. పంపకపోతే జీతం ఎక్కణ్ణించి వస్తుంది?

పక్క సీటులో ఒక పెద్దావిడ, ఫోను మాటలన్నీ చక్కగా విన్నట్టుంది, "ఏం పోయిందమ్మా?" అని అడిగింది.

"పిల్లల గుడారం పోయిందండీ."

"గాలికా?"

"కాదండీ. అందర్నీ రానిచ్చినందుకు."

ఆవిడకు అర్థం కాలేదు. "అదేం చోద్యమే తల్లీ," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నాకు అర్థమై మాత్రం ఒరిగిందేమిటి?

వచ్చే మార్చిలో అటు వెళ్ళేవాళ్ళు ఉంటే వెళ్ళండి. పొద్దున్నే బండెక్కండి, కల్లాలు చూడండి, ఫోటోలు తీసుకోండి, ఎరుపు బాగా పడుతుంది. వాగు గట్టు దగ్గర దిగితే గుడారం కోసం వెతక్కండి. పిల్లలు సాళ్ళ మధ్య గోతాల మీద ఉంటారు, రెండు ఊళ్ళవాళ్ళూ కలిసే ఉంటారు. మంచినీళ్ళ సీసాలు రెండు పట్టుకెళ్ళండి. ఒకటి మీరు తాగడానికి. రెండోది తాగకండి, వాళ్ళ కళ్ళు కడగడానికి కావాలి.